పోటు ముంచిన జాడ

గురువారం పొద్దు పైన్ చెట్ల వెనక్కి జారుతుండగా నోరిస్ ట్రావర్స్ తుపాకి పేల్చాడు. పొగ కమ్మింది. మందు దట్టించి పేల్చే తుపాకితో చిక్కే అది. పేల్చినవాడికే కాసేపు ఏమీ కనబడదు. మంచె మీద పక్కకి వంగి చూసేసరికి సికా జాతి దుప్పి పోతు వీపు విల్లులా వంచుకుని, వెనక కాళ్ళు ఈడుస్తూ రెల్లులోకి దూరుతోంది. ఊపిరితిత్తుల్లో తగిలిన జంతువు ఎగిరి దూకుతుంది. ఇలా వంగిందంటే పొట్టలో తగిలిందన్నమాట.

పొట్టలో తగిలినదాన్ని వెంటనే తరమకూడదు. దాని మానాన దాన్ని వదిలేస్తే దగ్గర్లోనే పడుకుంటుంది, అక్కడే ప్రాణం విడుస్తుంది. తరిమితే ఒంట్లో మిగిలిన సత్తువంతా కాళ్ళలోకి తెచ్చుకుని అందనంత దూరం పోతుంది. మెరక మీద వేటాడేవాళ్ళకి ఈ ఒక్క సూత్రం చాలు. ఈ ఉప్పుచిత్తడిలో మాత్రం సముద్రం పోటు కూడా లెక్కలోకి వస్తుంది. ఆగితే పోటు వచ్చి నెత్తురు చుక్కల్నీ గిట్టల గుర్తుల్నీ కడిగేస్తుంది. ఆగకపోతే దుప్పి దక్కదు. ఈ రెంటి మధ్యా ఏది మంచిదో నోరిస్ తండ్రికీ తెలియలేదు, తాతకీ తెలియలేదు. ఎవరికి వాళ్ళు ఆ పూటకి తోచింది చేసేవాళ్ళు.

నోరిస్ ఆగాడు. చీకటి పడేదాకా దోమలు కుడుతుంటే మంచె మీదే కూర్చుని రెల్లు వైపు చూశాడు. గాలికి కదిలినా అదే అనుకున్నాడు. ఎక్కడో దూరంగా ఇంకో పోతు ఈలలాంటి కూత పెట్టింది. అక్టోబరు నెలంతా అవి అలా ఆడవాటి కోసం కూస్తూనే ఉంటాయి, ఒకదాన్నొకటి కుమ్ముకుంటూనే ఉంటాయి. నోరిస్ మామూలుగా మంచె దిగే ముందు టోపీ తీసి ఒక చిన్న ప్రార్థన చేసుకుంటాడు. ఆ సాయంత్రం టోపీ తీశాడు గానీ దేవుణ్ణి ఏమని అడగాలో తెలియలేదు. త్వరగా చచ్చిపోనీ అని అడగొచ్చా? అడక్కుండానే టోపీ పెట్టుకుని దిగాడు.

శుక్రవారం తెల్లవారుతూనే తొడల దాకా వచ్చే రబ్బరు బూట్లు వేసుకుని మళ్ళీ చిత్తడిలో దిగాడు. రాత్రి పోటు వచ్చి వెళ్ళిన ఆనవాలు ప్రతి దుబ్బు మీదా ఉంది. అయినా కాస్త మెరకగా ఉన్నచోట పడక దొరికింది. రెల్లు చాపలా నలిగి ఉంది. దాని మీద నల్లటి నెత్తురు, నెత్తురులో ఆకుపచ్చని జిగురు. వేలితో తీసి వాసన చూశాడు. పొట్టే. అక్కడినుంచి దుప్పి నీళ్ళున్న వైపు నడిచింది. అడుగు తీస్తే బూటు ఊడొచ్చేంత బురద. రెల్లు నెత్తి మీదకి ఎదిగి ఉంది. ఒక చేత్తో తుపాకి ఎత్తిపట్టుకుని, రెండో చేత్తో రెల్లు చీల్చుకుంటూ పోయాడు. యాభై దాటిన మోకాళ్ళు నొప్పెడుతున్నాయి. కాలవ పక్కకి వచ్చేసరికి పోటు మళ్ళీ మొదలైంది. నీళ్ళు చప్పుడు లేకుండా దుబ్బుల మధ్యకి పాకుతున్నాయి.

అప్పుడే దక్షిణంగా, పైన్ దిబ్బ వైపునుంచి తుపాకి మోత వినిపించింది.

నోరిస్ నిలబడిపోయాడు. ఆ వైపు మంచె ఎవరిదో గుర్తు చేసుకున్నాడు. ఎమ్మెట్ కూంట్జ్‌ది. నాది అటు పోయి అతని కంటపడిందన్నమాట, అనుకున్నాడు. ముందున్న రెల్లు వైపు ఒకసారి చూశాడు. కాలవ అవతల ఇంకో గుబురుంది. నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి. వెనక్కి తిరిగాడు.

ఆ చిత్తడి చర్చిది. ఏనాడో ఒక విధవరాలు రాసిచ్చి పోయింది. చర్చి కుటుంబాలవాళ్ళే అందులో వేటాడతారు. ఎవరికి ఏ మంచె అన్నది థర్మన్ విల్లీ చెబుతాడు. జీవితమంతా పీతల పడవ నడిపిన ముసలాయన, ఊరందరికీ కేప్టెన్. ఎమ్మెట్ కూంట్జ్ పడమటి కొండల మనిషి. ఈ ఊరి పిల్లని చేసుకుని వచ్చి చాలా ఏళ్ళే అయింది. కోళ్ళ దాణా మిల్లులో పని, ప్రతి ఆదివారం చర్చిలో వెనక బెంచీ. అయినా ఇక్కడ వచ్చినవాడు వచ్చినవాడే, ఇక్కడే కన్నుమూసినా సరే. ఈ ఏడే మొదటిసారి కేప్టెన్ అతనికి మంచె ఇచ్చాడు. ఈ ఒక్క వేటకాలమూ చూద్దాం, తరవాత సంగతి తరవాత, అని.

నోరిస్ చర్చి వెనక తోలు తీసే పాక దగ్గరికి వెళ్ళేసరికి సికా పోతు కొక్కేనికి వేలాడుతోంది. ముదురు గోధుమరంగు, మెడ మీద జూలు, కొమ్ములు చూడముచ్చటగా ఉన్నాయి. చుట్టూ నలుగురైదుగురు కాఫీ కప్పులతో నిలబడ్డారు. ఆల్చిప్పలు పట్టి అమ్మే పర్నెల్ దుప్పి చుట్టూ తిరిగి, "ఇదేంట్రా నాయనా, చిల్లుకీ చిల్లుకీ సంబంధం లేదు," అన్నాడు.

ఎమ్మెట్ చేతులు తుడుచుకుంటూ చెప్పాడు. జబ్బ వెనక వెళ్ళిన చిల్లు ఒకటి, అవతల బయటికొచ్చిన చిల్లు ఒకటి, ఆ రెండూ తనవి. తొడ మీది మూడోది ఏమిటో తనకి తెలియదు.

ఈ చిత్తడిలో పాత కట్టుబాటు ఒకటుంది. ప్రాణం తీసే గుండు ముందు ఎవరిదైతే దుప్పి వాళ్ళది. తరవాత దొరికించుకున్నవాడు దానికి తన పేరున్న వేట చీటీ కట్టకూడదు, కబురు చెయ్యాలి. ఎమ్మెట్ చీటీ అప్పటికే కొమ్ముకి కట్టి ఉంది.

కేప్టెన్ థర్మన్ కుర్చీలోంచి లేవకుండానే నోరిస్‌ని అడిగాడు, నిన్న సాయంత్రం కొట్టింది ఎటుపక్క అని. కుడిపక్క, కాస్త వెనక్కి, అన్నాడు నోరిస్. అది నిజం. మూడో చిల్లు కూడా కుడిపక్కే ఉంది, వెనక్కే ఉంది.

"అయితే ఇది నీదేనంటావా?"

నోరిస్ దగ్గరికి వెళ్ళి చూశాడు. చిల్లు చుట్టూ వెంట్రుకలు అట్టకట్టి ఉన్నాయి. వేలు పెట్టి చూడొచ్చు. పెట్టలేదు.

"అయ్యుండొచ్చు కేప్టెన్."

ఎమ్మెట్ ముందుకొచ్చాడు. గొంతు పెంచలేదు. "పేగులు నేనే తీశానండీ. ఎక్కడా చిరగలేదు, వాసన లేదు. ఆ తొడ కోసి గుండుందేమో చూద్దాం. ఉంటే ఆయనదే."

"నోరిస్ చెప్పాక కత్తెందుకయ్యా," అన్నాడు కేప్టెన్.

ఎవరో నవ్వారు. మీ కొండల్లో తెల్లతోక దుప్పులు మెడలో పేరు రాసుకుని తిరుగుతాయి కాబోలు, అని పర్నెల్ అంటించాడు. ఎమ్మెట్ కూడా కాస్త నవ్వాడు. మీ సికాలు మాత్రం ఇక్కడ పుట్టినవా, ఎవరో పడవలో తెచ్చి దీవి మీద వదిలితేనే కదా, అన్నాడు. దానికి మాత్రం ఎవరూ నవ్వలేదు.

చిల్లు కళ్ళెదుట కనబడుతుంటే కూడా చీటీ కట్టాడంటే ఇంక చెప్పేదేముంది, అని కేప్టెన్ కాఫీ మిగులు నేలమీద పారబోశాడు. సోమవారం సాయంత్రం నవంబరు వేటకాలానికి మంచెలు పంచుతామని, అప్పుడు మాట్లాడుకుందామని అన్నాడు. అంటే కూంట్జ్‌కి ఇక మంచె లేనట్టేనని అందరికీ తెలుసు. ఎమ్మెట్‌కీ తెలుసు. అతను కొమ్ముకి కట్టిన చీటీ ముడి విప్పడానికి ప్రయత్నించాడు. నెత్తురుకి తాడు బిగుసుకుపోయింది. గోళ్ళతో పీకాడు, పళ్ళతో లాగాడు. కత్తి నడుముకే ఉంది గానీ తియ్యలేదు. ముడి వచ్చాక చీటీ మడిచి జేబులో పెట్టుకుని, దుప్పి వెనక కాళ్ళు పట్టుకున్నాడు. నోరిస్ ముందు కాళ్ళు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి నోరిస్ బండిలోకి ఎత్తారు.

నోరిస్ మాటకి ఊళ్ళో విలువుంది. పీతల బుట్టలో అడుగున కండ పట్టని మెత్తటి పీతల్ని దాచి అమ్మడని పట్నం వ్యాపారులకి కూడా తెలుసు. చర్చిలో కానుకల పళ్ళెం పట్టేది అతనే. అలాంటి మనిషి ఆ రోజు దారి పొడుగునా బండి కిటికీ ఒకసారి దించాడు, ఒకసారి ఎత్తాడు, రేడియో పెట్టాడు, ఆపాడు.

శనివారం పొద్దున వంటింటి బల్ల మీద మాంసం కోశాడు. భార్య ఓలెటా పక్కన నిలబడి ముక్కల్ని తెల్లకాగితంలో చుడుతోంది. వీపు కండ తీశాడు. ఎడమ తొడ విప్పాడు. కుడి తొడ దగ్గరికి వచ్చేసరికి కత్తి మళ్ళీ నూరుకున్నాడు. నూరక్కర్లేదు.

"ఇందాకేగా నూరావు," అంది ఓలెటా.

చిల్లు వెంబడి నెమ్మదిగా కోసుకుంటూ పోయాడు. చిల్లు వేలెడు లోతు పోయి కండలో ఆగిపోయింది. ఎముక దాకా కూడా పోలేదు. చివర గుండు లేదు. చిన్న సంచిలాంటి గూడుంది. కత్తి మొన తగలగానే అందులోంచి పచ్చటి చీము వచ్చింది. కండ చుట్టూ ఎర్రగా గట్టిపడి ఉంది. అది గురువారం సాయంత్రం తగిలిన గాయం కాదు. అది పట్టి కొన్నాళ్ళయింది. ఇంకో పోతు కొమ్ముతో కుమ్మిన పుండు.

నోరిస్ ఆ ముక్క తిప్పి తిప్పి చూశాడు. గుండు ఎక్కడైనా జారిపోయి ఉంటుందేమో అన్నాడు. ఒక్కోసారి వాటంతట అవే రాలిపోతాయని, వాళ్ళ నాన్న చూశాడని కూడా అన్నాడు.

ఓలెటా చుడుతున్న కాగితం చేతిలోనే ఆగిపోయింది. "చీము కూడా మీ నాన్న చూశాడా?"

ఆమె చుట్టిన పొట్లాలన్నీ ఫ్రీజరులో ఒక పక్కకి సర్దింది, మిగతా మాంసంతో కలవకుండా. మామూలుగా కొత్త దుప్పి కార్జం ఉల్లిపాయలేసి ఆ పూటే వేయిస్తుంది. ఆ మధ్యాహ్నం గుడ్లు వేయించింది.

ఇంట్లో ఉండలేక సాయంత్రం నోరిస్ సోయా చేను గట్టుకి వెళ్ళి కూర్చున్నాడు. అక్కడ సికాలు రావు, తెల్లతోకలే వస్తాయి. వెలుగుండగానే ఒకటి వచ్చింది. పెద్దది, మెడ లావుగా ఉంది, చేలో తల దించి మేసుకుంటోంది. తలెత్తినప్పుడల్లా చెవులు ఆడిస్తోంది. ఏళ్ళ తరబడి అలాంటిదాని కోసం కాచుకున్నాడు. తుపాకి ఎత్తాడు. పక్కటెముకలు చూడాల్సిన చోట పొట్టే కనబడింది. మళ్ళీ గురిపెట్టాడు. మళ్ళీ పొట్టే. దించేశాడు. చప్పుడుకి దుప్పి తోక తెల్లగా ఎత్తి గంతులేసుకుంటూ పోయింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక అందరూ చర్చి మెట్ల మీద మాట్లాడుకుంటుంటే అతను చిత్తడి వైపు చూశాడు. కాలవ అవతలి గుబురు మీద రాబందులు తిరుగుతున్నాయి. గుండ్రంగా, తొందర లేకుండా. ఎమ్మెట్ భార్యతో పాటు మెట్లు దిగుతూ నోరిస్‌కి తల ఊపాడు. అతని చూపు కూడా ఒక క్షణం రాబందుల వైపు పోయింది. ఆదివారం చిత్తడిలో దిగే అలవాటు నోరిస్ ఇంట్లో లేదు. ఆ కట్టడి అతనికి ఎప్పుడూ భారం కాలేదు. ఆ రోజు మాత్రం, దేవుడు విశ్రాంతి తీసుకోమన్నది ఇలాంటివాళ్ళనేనా అనిపించింది. మధ్యాహ్నం పడుకున్నాడు, లేచాడు. పీతల బోన్లు బాగుచేయబోయి, పనిరోజు కాదని గుర్తొచ్చి వదిలేశాడు.

సోమవారం పొద్దున చిన్న పడవ తీసుకుని కాలవ మీదుగా వెళ్ళాడు. వాసన ముందే వచ్చింది. రాబందులు బరువుగా లేచి పైన్ కొమ్మల మీద కూర్చున్నాయి. గుబురు అంచున, సగం నీళ్ళలో, అతని సికా పోతు పడి ఉంది. పక్కటెముకలు బయటపడ్డాయి. మెత్తటి చోట్లన్నీ పీతలు తిన్నాయి. దాని వెనక నలిగిన రెల్లు వెంబడి నడిచాడు. ఒక పడక, కాస్త దూరంలో ఇంకో పడక, నీళ్ళ పక్కన మరొకటి. ప్రతిచోటా లేవబోయి ముందు మోకాళ్ళు బురదలో గుచ్చిన గుంటలున్నాయి. ఆఖరి పడక దగ్గర నిలబడి కాలవ అవతలకి చూశాడు. శుక్రవారం తను వెనక్కి తిరిగిన చోటు కనబడుతోంది. రాయి విసిరితే తగిలేంత దూరం.

ఆ రోజు వెనక్కి తిప్పింది పోటు కాదు. పోటు పిక్కల దాకానే ఉంది. ఎమ్మెట్ తుపాకి మోత వినగానే ఒంట్లోంచి బరువు దిగినట్టయింది. ఎవరో కొట్టేశారు, ఇంక వెతకక్కర్లేదు. ఆ దుప్పి తనది అయితీరాలని అప్పుడే కోరుకున్నాడు. కొమ్ముల కోసం కాదు, మాంసం కోసం కాదు, ఈ బురదలో ఇంకో అడుగు వెయ్యక్కర్లేకుండా ఉండడం కోసం. పాకలో ఆ మాట అనడానికి చాలా ముందే, ఇక్కడే, మనసులో అనేసుకున్నాడు.

పాత తార్పాలిన్ పరిచి, తల తిప్పుకుంటూ, దుప్పిని పడవలోకి లాగాడు.

సాయంత్రం పాక నిండా మనుషులున్నారు. ఎమ్మెట్ కూడా వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు. నోరిస్ లోపలికి వెళ్ళి ఒక మాట చెప్పాలన్నాడు. శుక్రవారం దుప్పి తనది కాదని, తొడలో గుండు లేదని, అది పాత పుండని, ఎమ్మెట్ తప్పేం లేదని చెప్పాడు. చెబుతున్నంతసేపూ నిలబడ్డ చోట నిలవలేక ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకున్నాడు.

కేప్టెన్ థర్మన్ ఆప్యాయంగా చూశాడు. "నాకు తెలుసురా నువ్విలాంటిదేదో చేస్తావని. ఆ మనిషి మంచె పోతుందని నీకు నిద్ర పట్టలేదు. మీ అమ్మా ఇంతే, జాలిగుండె."

"జాలి కాదు కేప్టెన్. నిజం."

అలాంటివాళ్ళు అలాగే అంటారు, అని పర్నెల్ అతని భుజం తట్టాడు. తలలు ఊగాయి. పాస్టరు కూడా ఇంత గొప్పగా చెప్పలేడని వెనకనుంచి ఎవరో అన్నారు. నోరిస్‌కి ముఖం మండింది. శుక్రవారం నోట్లోంచి ఒక నీళ్ళు నమిలిన మాట వస్తే దాన్ని ప్రమాణంలా తీసుకున్నారు. ఇప్పుడు ప్రమాణంలాంటి మాట చెబితే మంచితనమని పక్కన పెడుతున్నారు. ఇక మాటతో అయ్యే పని కాదని తెలిసింది.

"ఒక్కసారి రేవు దాకా రండి," అన్నాడు.

రేవు ఎంతో దూరం లేదు. సగం దారిలోనే కొందరు ఆగి ముక్కుకి చేతిగుడ్డలు అడ్డం పెట్టుకున్నారు. నోరిస్ పడవలోకి దిగి తార్పాలిన్ తొలగించాడు. పర్నెల్ గబుక్కున పక్కకి తిరిగి ఉమ్మాడు. నోరిస్ మోకాళ్ళ మీద కూర్చుని, చేతికి తొడుగైనా లేకుండా, పొట్టలో మిగిలినదాంట్లోకి చెయ్యి పెట్టి వెతికాడు. చాలాసేపు వెతికాడు. సీసం గుండు దొరికింది. కాలవలో కడిగి కేప్టెన్ అరచేతిలో పెట్టాడు. ఊళ్ళో ఇప్పటికీ సీసం కరిగించి ఇంట్లోనే గుండ్లు పోసుకునేది నోరిస్ ఒక్కడే.

కేప్టెన్ దాన్ని చూస్తూ ఉండిపోయాడు. కోప్పడాలో, తల దించుకోవాలో ఆ ముసలి ముఖానికి తేలలేదు. చివరికి గుండు తిరిగి ఇచ్చేసి, గాలి చల్లగా ఉందని, లోపలికి పోదాం పదండని అన్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. "కూంట్జ్, నువ్వూ రావయ్యా. బయటెందుకు నిలబడ్డం," అన్నాడు. అంతకన్నా ఎక్కువ అతనికి చేతకాలేదు.

ఎమ్మెట్ తప్ప అందరూ పాకలోకి వెళ్ళిపోయారు. నోరిస్ వెళ్ళలేదు. పడవలోనే కూర్చుని, మాంసమంతా ఫ్రీజరులో విడిగా ఉందని, రేపు కొమ్ములతో సహా తెచ్చి ఇస్తానని, వేట లెక్కలు రాసుకునే ఆఫీసుకి ఫోన్ చేసి ఆ దుప్పి మీంచి తన పేరు తీయిస్తానని ఎమ్మెట్‌కి చెప్పాడు. క్షమించమని కూడా అన్నాడు.

ఎమ్మెట్ పాక వైపు చూశాడు. లోపల మంచెల పేర్లు చదవడం మొదలైంది. అతను పాక గోడకి ఆనించి ఉన్న పార తీసుకుని పడవ దగ్గరికి వచ్చాడు.

ఇద్దరూ చర్చి స్థలం చివర, రెల్లు మొదలయ్యేచోట తవ్వారు. ఈ నేలలో ఎక్కడ తవ్వినా రెండు పారల లోతుకే నీళ్ళొస్తాయి. తవ్విన మట్టి తిరిగి గుంటలోకే జారుతోంది. ఒకరు నీళ్ళు తోడుతుంటే ఒకరు తవ్వుతున్నారు.

దుప్పిని గుంటలోకి దించేముందు ఎమ్మెట్ వంగి దాని ముందు మోకాళ్ళు చూశాడు. బురద ఎముక దాకా పట్టేసి ఉంది. బొటనవేలితో కాస్త తుడిచాడు.

"ఎంతసేపు బతికుంటుందంటారు?"

శుక్రవారంనుంచి ఇంతమంది ఈ దుప్పి ఎవరిదని అడిగారు. ఈ మాట ఎవరూ అడగలేదు. నోరిస్ పార నేలకి ఆనించాడు.

"శుక్రవారం పొద్దున నేను అటువైపు నిలబడి ఉన్నప్పుడు," అన్నాడు, "బతికే ఉండి ఉంటుంది."

ఎమ్మెట్ తార్పాలిన్ రెండో కొస పట్టుకున్నాడు.